పత్తిగింజంత తగ్గింది

పోయిన నెల గుంటూరు బ్రాడీపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో నన్ను మంచం మీద పడుకోబెట్టి, మెడ కింద చిన్న దిండు పెట్టి, మా అమ్మాయి కంటే బాగా చిన్నదైన ఒక పిల్ల "అంకుల్, మెడలో ఏమైనా ఉంటే తీసెయ్యండి" అంది. నా మెడలో ఏమీ లేదు, వయసు తెచ్చిన ముడతలు తప్ప, అవి తీసి పక్కన పెట్టేవి కావు. అయినా నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే చొక్కా కాలరు లోపలికి వెళ్ళి, అక్కడ కాసేపు వెతికి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది. దాదాపు నలభై ఏళ్ళ కిందట తీసేసిన దాని కోసం అది వెతికిందని చెయ్యి వెనక్కి వచ్చాక గాని నాకు తట్టలేదు. ఆ పిల్ల మెడకు చల్లటి జిగురేదో పూసి తన పని తాను చేసుకుంటూ ఉంటే, నేను కళ్ళు మూసుకుని, అక్కడికి రెండు మూడు అడ్డరోడ్ల అవతల ఒకప్పుడున్న మేడమీద గదికి వెళ్ళిపోయాను.

ఎనభైల నడుమ సంగతి ఇది. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసై, ప్రపంచమంతా నా కోసం ఎదురుచూస్తూ ఉంటుందనుకుని బయటికొచ్చి చూస్తే, ఎదురుచూస్తున్నది ఒక ట్యుటోరియల్ కాలేజీ మాత్రమే. రేకుల షెడ్డు, నలభై బెంచీలు, ఇంటర్ తప్పిన పిల్లలు, వాళ్ళ పక్కనే తప్పబోయే పిల్లలు. రోజుకు ఆరు గంటలు అరిచేవాణ్ణి. ఆ వయసులో దాన్నే పాఠం చెప్పడం అనుకునేవాణ్ణి.

నేను అద్దెకున్నది ఒక రైతు కుటుంబం వాళ్ళ మేడమీద గదిలో. వాళ్ళకు ప్రకాశం జిల్లా వైపు పత్తి, మిరప. పిల్లల చదువుల కోసం గుంటూరులో ఇల్లు కట్టుకుని, చదువులూ పెళ్ళిళ్ళూ అయిపోయినా ఇక్కడే ఉండిపోయారు. ఇంటాయన వారంలో నాలుగు రోజులు చేలో, మిగతా రోజులు మిర్చి యార్డులో ఉండేవారు. ఆయన్ను బాబాయిగారని, ఆవిడను పిన్నిగారని పిలిచేవాణ్ణి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఊరూ పేరూ అయ్యాక ఇంకో ప్రశ్న కూడా అడగడం ఆ రోజుల్లో మామూలే. పిన్నిగారు అడగలేదు. మొదటి ఆదివారం ఉదయం నేను తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని నల్ల అట్ట పుస్తకం చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి, "ప్రార్థనకా అబ్బాయ్? వచ్చేటప్పుడు కరివేపాకు పట్రా" అంది. మతసామరస్యం మీద ఆ తరవాత నేను చాలా ఉపన్యాసాలు విన్నాను గాని, ఇంత పొట్టిది మళ్ళీ వినలేదు.

పండగలు వెళ్ళిన కొత్తలో ఒక ఉదయం మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్నాను. గీసే ఆయన కత్తి సగంలో ఆపి, బొటనవేలితో నా మెడ నొక్కి, "మేష్టారూ, ఇక్కడ గోళీకాయ ఏందండీ?" అన్నాడు. చిన్నప్పుడు ఆడి పోగొట్టుకున్న గోళీలు చాలానే ఉన్నా, అందులో ఏదీ మింగిన గుర్తు లేదు. అద్దంలో చూస్తే, గుటక వేసినప్పుడల్లా కంఠం పక్కన ఎడమవైపు బుడిపె ఒకటి పైకి లేచి కిందికి దిగుతోంది. నొప్పి లేదు. నాకు తెలియకుండా నా మెడలో ఎన్నాళ్ళ నుంచి కాపురం ఉంటోందో కూడా తెలియదు.

ఇంటికొచ్చి పిన్నిగారికి చూపించడం నేను చేసిన మొదటి పొరపాటు, ఆలోచిస్తే ఆ ఏడాది మొత్తం మీద నేను చేసిన ఒకే ఒక మంచిపని కూడా అదే. పిన్నిగారు అయిదో తరగతితో చదువు ఆపేసింది. సందేహం అనేది ఆరో తరగతిలో మొదలవుతుంది కాబోలు, ఆవిడకు అది లేదు. వేలి వెనకవైపుతో ఒకసారి తడిమి, గవదబిళ్ళలు అనేసింది. గవదబిళ్ళలు చెవుల కింద వస్తాయండీ, రెండువైపులా వస్తాయి, చిన్నపిల్లలకు వస్తాయి అని నేను మర్యాదగా వివరించాను. "నీకు లేటుగా వచ్చింది" అంది.

గవదబిళ్ళలు వస్తే మెడలో బంగారు గొలుసు వెయ్యడం మన వైపు ఎరగనివాళ్ళు లేరు. వాచిన దవడలతో, అమ్మ గొలుసు బొడ్డు దాకా వేలాడుతుంటే, బడి ఎగ్గొట్టి వీధి అరుగు మీద మహారాజుల్లా కూర్చున్న మగపిల్లలను మనమంతా చూశాం, మనలో కొందరం కూర్చున్నాం కూడా. అయితే పిన్నిగారి వైద్యంలో ఇంకో మెలిక ఉంది. పెట్టెలో దాచిన బంగారం పనికిరాదట. మనిషి మెడలో తిరిగిన బంగారమే పనిచేస్తుందట. మర్నాడు ఉదయం కుళాయి దగ్గర, జేబురుమాల్లో చుట్టిన లావుపాటి అల్లిక గొలుసు ఒకటి నా చేతిలో పెట్టి, బిళ్ళ కరిగేదాకా తీయొద్దు అని చెప్పి, నేను నోరు తెరిచేలోపు బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బంగారం దేనితోనూ చర్య జరపదని, గాలితోగాని నీటితోగాని మామూలు ఆమ్లాలతోగాని దానికి సంబంధం లేదని నేను రోజూ క్లాసులో చెప్పేవాణ్ణి. చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి, ఆ గొలుసే మెడలో వేసుకుని పడుకునేవాణ్ణి. పగలు కూడా తీయలేదు లెండి. నమ్మకం కాదు, మొహమాటం. ఆవిడ ఇస్తే కాదనడం నాకు చేతకాలేదు. చొక్కా పై గుండీ దాకా బిగించి ఫిబ్రవరి ఎండలో పాఠం చెబుతుంటే, సారుకు పెళ్ళి కుదిరింది, అత్తారు గొలుసు పెట్టారు అని వెనక బెంచీల్లో తేల్చేశారు. నేను ఖండించలేదు. ఉన్న విషయం కంటే అది చాలా గౌరవంగా ఉంది.

పిన్నిగారిని నొప్పించకుండా, ఆవిడకు చెప్పకుండా, ఇంగ్లీషు వైద్యం కూడా మొదలుపెట్టాను. వీధి చివర డాక్టరు పది రోజులు మాత్రలిచ్చి, బుడిపె చలించకపోవడంతో తాను చలించి, పెద్దాసుపత్రిలో సర్జన్ గారికి చీటీ రాశాడు. ఆ సర్జన్ గారు మాటలు పొదుపుగా వాడే పెద్దమనిషి. నా వెనక నిలబడి, రెండు చేతులూ మెడ చుట్టూ వేసి, "మింగు" అన్నారు. మింగాను. "మళ్ళీ" అన్నారు. ఆ తరవాత రెండు నెలల్లో నేను వైద్యశాస్త్రానికి చేసిన సేవ అంతా ఆ ఒక్క క్రియలోనే ఉంది. ఆయన నన్ను వైద్య విద్యార్థులకు చూపించడం మొదలుపెట్టారు. ఒకరి తరవాత ఒకరు ఇరవైమంది వరసగా వచ్చి, నా మెడ పట్టుకుని, మింగమని అడిగి వెళ్ళేవారు. ఉదయం నేను పాఠం చెప్పేవాణ్ణి, మధ్యాహ్నం నేనే పాఠం. పరీక్షల రోజున కూడా కబురు పెడితే వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ నా మెడ పట్టుకుని, ఏమీ తోచక బిత్తరచూపులు చూస్తుంటే, ఉపాధ్యాయ వృత్తికి పూర్తిగా విరుద్ధమని తెలిసి కూడా, పెదవి కదపకుండా "థైరాయిడ్, ఎడమవైపు, ఒకటే గడ్డ" అని అందించాను. ఆ కుర్రాడు ఇవాళ ఎక్కడో పెద్ద డాక్టరయ్యే ఉంటాడు. కాకపోతే అది నా తప్పు కాదు.

ఇంత ఎగతాళిగా రాస్తున్నాను గాని, భయం లేక కాదు. ఆ గడ్డ మంచిదా, చెడ్డదా అన్నది ప్రశ్న. ఆ చెడ్డ దాని పేరు అప్పట్లో మన ఇళ్ళల్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. "ఆ జబ్బు" అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. నెత్తురు తీసి మద్రాసు పంపారు, ఫలితం పోస్టులో రావడానికి మూడు వారాలు పట్టింది, అందులో అంతా బాగానే ఉందని ఉంది, కాబట్టి ఏమీ తేలలేదని అర్థం. స్కానుకు హైదరాబాదు వెళ్ళాలన్నారు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజులవి, మబ్బు పడితే పరుగెత్తాల్సిన రోజులు. బాబాయిగారు ఆ కాయల మీద పట్టాలు కప్పించి, పాలేరుకు అప్పగించి, నాతో రైలెక్కారు. నేను వద్దంటే, "నాక్కూడా హైదరాబాదులో పనుంది" అన్నారు. రెండు రోజుల్లోనూ ఆ పనేమిటో బయటపడలేదు.

అక్కడ రంగూ రుచీ లేని అయోడిన్ నీళ్ళు తాగించి, మెడ మీద ఒక యంత్రం తిప్పి, నా గడ్డ ఆ అయోడిన్ ముట్టలేదని, అలాంటిదాన్ని చల్లగడ్డ అంటారని చెప్పారు. "చల్లగా ఉంటే మంచిదే కదండీ?" అన్నారు బాబాయిగారు ఎంతో ఆశగా. గుంటూరు మనిషికి చల్లగా ఉండటం చెడ్డదెలా అవుతుంది? కాదు, అనుమానించాల్సింది అలాంటివాటినే, చాలావరకు ఏమీ కావు గాని కొన్ని అవుతాయి, కోసి తీసి చూస్తే తప్ప తేలదు అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చుని, గుంటూరు దగ్గరపడ్డాక ఒక్కమాట అన్నారు. "చల్లగడ్డ సంగతి మీ పిన్నికి చెప్పొద్దు. కరిగిపోతోందని సంతోషంగా ఉంది."

నిజంగానే పిన్నిగారి లెక్క ప్రకారం అది కరిగిపోతోంది. రోజూ ఉదయం ఆరింటికి కుళాయి దగ్గర నా మెడ పరీక్ష జరిగేది. నేను గడ్డం పైకెత్తాలి, ఆవిడ వేలి వెనకవైపుతో తడమాలి, కళ్ళు చిట్లించి ఆలోచించాలి, చివరికి తీర్పు చెప్పాలి. "పత్తిగింజంత తగ్గింది." ఏ రోజు చూసినా పత్తిగింజంతే. ఎప్పుడైనా నా ముఖం మరీ వాడిపోయి ఉంటే మాత్రం ఉదారంగా సెనగగింజకు పెంచేది. ఉసిరికాయంత గడ్డలోంచి రోజుకొక పత్తిగింజ చొప్పున తీసేస్తే మార్చి మొదటికే అక్కడ గొయ్యి పడి ఉండాలని నేను మనసులో లెక్క కట్టేవాణ్ణి. కట్టి, నవ్వుకుంటూ మెట్లెక్కేవాణ్ణి. ఆ నవ్వుతోనే ఆ రోజు గడిచేది. సర్వీస్ కమిషన్ లెక్చరరు ఉద్యోగానికి తెచ్చుకున్న దరఖాస్తు ఫారం పెట్టె అడుగున అలాగే ఉంది. వచ్చే ఏడాది సంగతులు నింపే ధైర్యం నాకు లేదు. కాని రేపు ఉదయం ఆరింటికి కుళాయి దగ్గరికి వెళ్ళాలన్న సంగతి మాత్రం ఎప్పుడూ తెలిసి ఉండేది.

మా నాన్నగారికి ఇవేవీ రాయలేదు. ఆయన పొన్నూరు దగ్గర పల్లెలో మిషన్ బడి హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అక్కడి చర్చి సంఘ పెద్ద. పిల్లల మెడల్లో, మొలతాళ్ళకు తాయెత్తులు కనిపిస్తే కత్తెరతో కత్తిరించి తన బల్లమీద రేకుడబ్బాలో వేసి, తల్లిదండ్రులను పిలిపించి, డబ్బా గలగలలాడిస్తూ పది నిమిషాలు హితబోధ చేసి పంపేవారు. అలాంటి మనిషికి, మీ అబ్బాయి గవదబిళ్ళల గొలుసు వేసుకుని తిరుగుతున్నాడని రాసేటంత సత్యసంధత నాలో లేదు. ఆపరేషన్ ఖాయమయ్యాక నాలుగు రోజుల ముందు కార్డు ముక్క రాశాను. మా అమ్మకు మోకాళ్ళు కదలనివ్వవు కాబట్టి, ఆమె కన్నీళ్ళు, ఆమె చేసిన సున్నుండలు మోసుకుని నాన్నగారు ఒక్కరే వచ్చారు.

ఆపరేషన్ రోజు ఉదయం నర్సమ్మ వచ్చి, ఉంగరాలు, వాచీలు, గొలుసులు ఏవైనా ఉంటే తీసి మీవాళ్ళకివ్వండి అంది. నాకు మీవాళ్ళు ఒక్కరే, ఆయన మంచం పక్కనే ఉన్నారు. మెల్లగా పై గుండీ విప్పి గొలుసు బయటికి తీశాను. నాన్నగారు దాన్ని మూడు సబ్జెక్టులు తప్పిన మార్కుల కాగితాన్ని చూసినట్టు చూశారు. ఇంటివాళ్ళదండీ, వాళ్ళ నమ్మకం, కాదనలేక వేసుకున్నాను, శాస్త్రీయంగా నాకేమీ… అని నేనేదో గొణుగుతుండగానే, పిన్నిగారు స్టీలు క్యారేజీతో వార్డులోకి వచ్చింది. నేను ఏమీ తినకూడదు గనక అది నాన్నగారి కోసం. ఇడ్లీ ఉంది మాష్టారూ, పచ్చట్లో కారం తగ్గించాను అని చెప్పి, నా గడ్డం పైకెత్తి, అందరి ముందూ వేలి వెనకవైపుతో తడిమి, పత్తిగింజంత తగ్గిందని ప్రకటించి, నీళ్ళ కూజా నింపుకురావడానికి వరండాలోకి వెళ్ళింది.

నాన్నగారు ఆవిడ వెళ్ళినవైపే చూస్తూ అడిగారు. "ఆవిడ మెడ చూశావా?"

చూడలేదన్నాను.

"రెండున్నర నెలలుగా రోజూ ఎదురుగా నిలబడుతున్నావు గదరా."

కూజాతో తిరిగి వస్తుంటే అప్పుడు చూశాను. మెడలో పసుపుతాడు. పుస్తెలు ఆ తాడుకు కట్టి ఉన్నాయి. రవికె అంచు మెడచుట్టూ పసుపుపచ్చగా మారి ఉంది, ఒకనాటి మరక కాదది, రెండు నెలల మరక. నా చేతిలో ఉన్నది ఆవిడ పుస్తెల నానుతాడు. పుస్తెలు దారానికి మార్చుకుని, దాన్ని తీసి నాకిచ్చింది. మెడలో తిరిగిన బంగారం అంటే ఏ మెడ అని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆవిడ రోజూ నా మెడే చూస్తోందని చిరాకుపడ్డ రోజులున్నాయి గాని, నేను ఒక్కసారైనా తలెత్తి ఆవిడ మెడ చూసిన పాపాన పోలేదు.

ఆ పసుపుతాడును మా వీధి ఎలా అర్థం చేసుకుని ఉంటుందో అప్పుడు తట్టింది. ఆ ఏడు పత్తిని తెల్లదోమ తినేసింది. పల్లెల్లో ఆడవాళ్ళ మెడల్లో పసుపుతాళ్ళు కనిపిస్తే గొలుసులు ఎక్కడికి వెళ్ళాయో ఎవరికీ చెప్పక్కర్లేదు. పక్కింటావిడ ఒకసారి కుళాయి దగ్గర, మీదాకా కూడా వచ్చిందా వదినా అని నిట్టూర్చడం, పిన్నిగారు ఊఁ అని ఊరుకోవడం నేను విన్నాను. పంట గురించి అనుకున్నాను. మిర్చి యార్డులో బాబాయిగారిని కూడా తోటివాళ్ళు, ఏం బావా, ఇల్లాలి మెడ కూడా బోసిగా చేశావంట అని దెప్పారని తరవాత తెలిసింది. ఆయనా ఊరుకున్నారు. గొలుసు బ్యాంకులో లేదు, మా మేడమీద కుర్రాడి చొక్కాలో ఉంది అని చెబితే ఒక్క నిమిషంలో పోయే పరువునష్టం అది. చెబితే పనిచెయ్యదనుకున్నారో, చెప్పేదేముంది అనుకున్నారో నాకు తెలియదు. ఇద్దరూ చెప్పలేదు.

నాన్నగారు లేచి నిలబడి, గొలుసు రెండు చేతుల్లో పట్టుకుని ఆవిడ ముందు చాపారు. అమ్మా, ఇది మీరు తీసేసుకోండి, మావాడికి తెలియక వేసుకున్నాడు అన్నారు. పిన్నిగారు ఒక అడుగు వెనక్కి వేసింది.

"రిపోర్టు వచ్చేదాకా మెడ దిగకూడదు మాష్టారూ. అబ్బాయి వేసుకోకూడదంటే మీరేసుకోండి."

అరవై నాలుగేళ్ళ సంఘ పెద్ద, తాయెత్తుల డబ్బా యజమాని, ఆవిడ ముఖం వంక ఒకసారి, నా మెడ వంక ఒకసారి చూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, గొలుసు తలమీదుగా వేసుకుని, చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. ఆయన ఒకరి మాట మారుమాట్లాడకుండా వినడం నేను చూడటం అదే మొదటిసారి. నన్ను బండి మీద లోపలికి తోసుకెళ్తుంటే భయం స్థానంలో ఆ దృశ్యమే ఉంది నాకు. మత్తుమందు ఇచ్చేటప్పుడు అంకెలు లెక్కపెట్టమన్నారు. మూడు దాకా వచ్చానని గుర్తు. అదీ నవ్వుతూ.

ఎడమవైపు సగం గ్రంథి తీసేశారు. మెలకువ వచ్చాక సర్జన్ గారు నా మీదికి వంగి, గొంతు పోలేదు కదా అని చూడటానికి "ఈ" అనమన్నారు. అన్నాను. తుప్పుపట్టిన గేటు తీసినట్టు వచ్చింది గాని, వచ్చింది. ఆయన తల ఊపి, ముక్క పరీక్షకు పంపాం, రెండు వారాలు అన్నారు. ఆయన నాతో మాట్లాడిన అన్ని మాటల్లోకీ అదే పొడవైన వాక్యం.

ఆ రెండు వారాలే అసలు నిరీక్షణ. ఆసుపత్రి నుంచి గదికి వచ్చేశాను. నాన్నగారు నాతోనే ఉండిపోయి, రోజూ పదింటికి గొడుగు పుచ్చుకుని బయల్దేరి, ల్యాబు కిటికీ దగ్గర నిలబడి, రేపు రమ్మంటే ఎండలో నడుచుకుంటూ తిరిగొచ్చేవారు. ఆదివారాలు నేను కదలలేకపోతే ఆయనే మా చర్చికి వెళ్ళారు. ఒక ఆదివారం ప్రార్థన నడిపించమని కూడా అడిగారట. పై గుండీ విప్పకుండా నడిపించానని చెప్పారు, నవ్వకుండా. దేవుడికి ఏం చెప్పారో నేను అడగలేదు. ఆయనా, దేవుడూ, చొక్కా లోపలి గొలుసుతో పిన్నిగారూ, ఆ సంభాషణలో ముగ్గురున్నారు కాబట్టి, నడిపించింది ఎవరో కూడా నాకు రూఢిగా తెలియదు.

పిన్నిగారికి మాత్రం మాట పడిపోయినట్టయింది. నా మెడకు కట్టు ఉంది, కట్టు కింద గడ్డ లేదు, ఆవిడ తడమడానికి ఏమీ లేదు. కుళాయి దగ్గర నన్ను చూసి, చెయ్యి సగం దాకా లేపి, దించేసుకునేది. జావ తాగావా అని మాత్రం అడిగేది. రెండున్నర నెలలు రోజుకొక పత్తిగింజ చొప్పున భయం తగ్గించుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ పద్నాలుగు ఉదయాలూ ఆ ఒక్క మాట లేక ఎంత అల్లాడిపోయానో ఎవరికీ చెప్పలేదు. కెమిస్ట్రీ మేష్టారు ఎవరికి చెప్పుకుంటాడు?

పదిహేనో రోజున నేను మేడమీద పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాను. కింద వాకిట్లో పిన్నిగారు ఏడాది కారానికి మిరపకాయలు పట్టా మీద ఎండబోసి, కూర్చుని తొడిమలు తీస్తోంది. బాబాయిగారు పడకకుర్చీలో పేపరు అడ్డం పెట్టుకున్నారు. వీధి మలుపులో నాన్నగారి గొడుగు కనిపించింది. నడకలో తేడా ఏమీ లేదు, ఆయన నడక ఎప్పుడూ ఒకటే. గేటు తీశారు. గొడుగు మూసి గోడకు ఆనించారు. చంకలో ఖాకీ కవరు. నేను పైనున్నానని ఆయనకు తెలుసు, అయినా తలెత్తలేదు. అక్కడే, గేటు దగ్గరే, రెండు చేతులూ మెడ దగ్గరికి తీసుకెళ్ళి, చొక్కా పై గుండీ విప్పారు.

నా రిపోర్టు నాకు అలా తెలిసింది.

కిందికి ఎలా దిగానో గుర్తులేదు. దిగేసరికి నాన్నగారు గొలుసు తీసి, రెండు చేతుల్లో పట్టుకుని, పిన్నిగారి ముందు వంగి ఉన్నారు. "చెడ్డది కాదన్నారమ్మా" అంటున్నారు, అన్నదే మళ్ళీ అంటున్నారు. పిన్నిగారి చేతులు రెండూ కారం. కళ్ళు తుడుచుకోబోయి, చేతులు చూసుకుని ఆగిపోయి, భుజాన్నే కంటికి ఒత్తుకుంది. తరవాత తేరుకుని, "నేను చెప్పలా, తగ్గుద్దని" అంది.

"కోసి అవతల పారేశాక తగ్గకేం చేస్తదే" అన్నారు బాబాయిగారు పేపరు వెనక నుంచి.

ఆవిడ ఆయనవైపు చూసిన చూపుకు ఆ పేపరు అంటుకోవాల్సింది. నేను మాత్రం ఆవిడ పక్షమే వహించాను. నాన్నగారు కూడా. ఊరికి వెళ్ళాక ఆయన ఆ రేకుడబ్బాలో రిటైరయిన నాటి నుంచి మిగిలిపోయిన తాయెత్తులన్నీ ఎవరివి వాళ్ళకు ఇళ్ళకు వెళ్ళి ఇచ్చేసి వచ్చారని అమ్మ ఉత్తరంలో రాయించింది. సిద్ధాంతం మార్చుకోలేదు, చివరిదాకా తాయెత్తులు తప్పనే అనేవారు. కత్తిరించే ముందు అది ఎవరు కట్టారో అడగాల్సిందిరా అని మాత్రం ఒకసారి అన్నారు.

ఆ సాయంత్రం గొలుసు పసుపునీళ్ళతో కడిగి, పిన్నిగారు పుస్తెలు మళ్ళీ దానికి మార్చుకుంది. మర్నాటికల్లా వీధంతా చూసింది. ఈ ఏడు మిరపకు రేటు బాగా పలికిందట అని చెప్పుకున్నారు. దాన్నీ పిన్నిగారూ బాబాయిగారూ ఖండించలేదు. నేను పెట్టె అడుగు నుంచి దరఖాస్తు ఫారం తీసి నింపాను. తరవాత ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ కాలేజీల్లో, బంగారం దేనితోనూ చర్య జరపదని చెబుతూనే ఉద్యోగం చేశాను. చెప్పిన ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గేది, పిల్లలు అది ఆపరేషన్ వల్ల అనుకునేవారు.

పిన్నిగారు పోయినప్పుడు వెళ్ళాను. బాబాయిగారు అప్పటికి ఉన్నారు. నానుతాడు తీసి కోడలికిచ్చారు. అది ఉండే చోట మెడచుట్టూ సన్నగా, మిగతా ఒంటికంటే తెల్లగా, ఒక గీత ఉంది. ఆ రోజు మాత్రం ఆవిడ మెడ సరిగ్గా చూశాను.

ఆ ఇంటి చోట ఇప్పుడు నాలుగంతస్తుల కోచింగ్ సెంటరు. కుళాయి ఉన్న చోట లిఫ్టు. స్కానింగ్ సెంటర్ నుంచి ఆటోలో దాని ముందునుంచే వచ్చాను, శంకర్‌విలాస్ సెంటరు దాటకముందే ఫోన్లో రిపోర్టు వచ్చేసింది. మిగిలిన సగం గ్రంథిలో చిన్న గడ్డ ఒకటి ఉందట, భయపడాల్సిందేమీ లేదట, ఏడాదికోసారి చూపించుకుంటే చాలునట. మద్రాసు నుంచి మూడు వారాలు, ల్యాబు కిటికీ దగ్గర రెండు వారాలు పట్టిన పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. దీన్ని మించిన అదృష్టం ఏముంటుంది, నేనేమీ ఫిర్యాదు చెయ్యడం లేదు. ఆ ఎదురుచూపు మళ్ళీ ఎవరికీ రాకూడదు. కాని ఇరవై నిమిషాల్లో ఎవరి గొలుసు ఎవరి మెడలోకి వస్తుంది? ఎదురుచూడటానికి తోడు కావాలని అడిగేలోపే అంతా తేలిపోతోంది.

రిపోర్టులో గడ్డ సైజు మిల్లీమీటర్లలో, పక్కన చుక్క పెట్టి మరో అంకెతో సహా ఇచ్చారు. చాలా ఖచ్చితమైన కొలత. ఇంటికొచ్చాక మా ఆవిడ గడ్డ ఏమాత్రం ఉందన్నారని అడిగింది. పత్తిగింజంత అన్నాను. అదేం కొలతండీ అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు ఉదయం ఆరింటికి మెలకువ వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర, ఎవరూ చూడకుండా, గడ్డం పైకెత్తి కాసేపు నిలబడ్డాను.